అడగని ఓటు

మొన్న ఎన్నికలే మా ఇంటికి నడిచి వచ్చాయి. మరీ ముసలివాళ్లు బూత్ దాకా రానక్కర్లేదని, అధికారులే ఇంటికి వచ్చి ఓటు తీసుకుంటారని ముందుగా చెప్పి వెళ్లారు లెండి. తిరుపతిలో మా వీధి మొదట్లో జీపు ఆగిందో లేదో, ఆఫీసర్లు, ఒక పోలీసు, పార్టీల ఏజెంట్లు, కెమెరా పట్టుకున్న కుర్రాడు, అందరూ మా హాల్లోకి వచ్చేశారు. కాఫీకి పాలు చాలవని మా కోడలికి ఒకటే కంగారు. భోజనాల బల్ల మీది ఊరగాయ సీసాలు పక్కకు జరిపి, అట్టముక్క మడత విప్పి మూడు వైపులా గోడలాగా నిలబెట్టారు. "అవ్వా, మీరు ఎవరికేస్తారో మేం చూడకూడదు, అటు తిరుక్కుంటాం" అని ఆఫీసరమ్మ చెప్పింది. అందరూ నిజంగానే అటు తిరిగి మా గోడ మీది క్యాలెండరును చూస్తూ నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు. నెల రోజులుగా ఒకాయన గొంతు ఫోనులో పొద్దూకులూ మోగుతూనే ఉంది. "అమ్మా, మీ బిడ్డ లాంటి వాణ్ణి, మీ ఓటు..." అంటాడు. "ఎవరప్పా నువ్వు?" అని అడిగితే ఆగడు. తన పాఠం తాను అప్పజెప్పి పెట్టేస్తాడు. టీవీ పెడితే నలుగురు కూర్చుని ఒకేసారి అరుస్తుంటారు. ఓటేసి, కవరు అంటించి ఇచ్చి, వాళ్లను సాగనంపి కూర్చున్నాక, నా ప్రమేయం లేకుండానే మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె ఓటు వేయడానికి వెళ్లిన రోజు మా ఇంట్లో పడిన హైరానా గుర్తొచ్చింది.

అప్పుడు మేము చిత్తూరులో ఉండేవాళ్లం. నాయన కోర్టులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ ఉతికి ఆరేసిన ఖద్దరు చొక్కాలో ఉండేవాడు. ఆయనకు రెండే పిచ్చులు, వక్కాకు ఒకటి, పేపరు ఒకటి. మద్రాసు పేపరు కాట్పాడి మీదుగా రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కరువై అది చిక్కి చిక్కి చేతిరుమాలంత అయింది. అయినా వీధి మొత్తానికి అదే దిక్కు. సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వీధి తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అప్పటికే తిన్నె నిండిపోయి ఉండేది. కిరసనాయిలు కంట్రోలు కాబట్టి లాంతరు వెలిగించే మాట లేదు, పొద్దు వాలేలోగా చదవడం అయిపోవాలి. అందుకని గబగబా చదివేవాడు. చదివేవాడంటే చదివేవాడు కాదు. పేపర్లో ఒక వాక్యం ఉంటే నాయన నోట్లో నుంచి అయిదు వచ్చేవి. గవర్నరుగారు ఫలానా చోట ప్రసంగించారని ఉంటే, ఆయన తడబడిన తీరు, ముందు వరసలో వాళ్లు ముసిముసిగా నవ్వుకున్న తీరు, ఎదురుగా కూర్చుని చూసినట్టు చెప్పేవాడు. "అద్దీ!" అని తొడలు చరుచుకునేవాళ్లు తిన్నె మీది జనం. ఆ గోడకు ఇవతల, తలుపు చాటున, చింతగింజలు ఏరుతూనో చెనిక్కాయలు వొలుస్తూనో అమ్మా, అవ్వా వినేవాళ్లు.

అవ్వ అంటే నాయన తల్లి. సన్నగా, నిటారుగా, సున్నం కొట్టిన గోడలాగా తెల్లకోకలో ఉండేది. నాయన పాలు తాగే వయసులోనే తాత పోయాడట. యాదమరి పక్కన పల్లెలో ఉన్న కాస్త మడిచెక్కను ఒంటిచేత్తో నిలబెట్టుకుని, కొడుకును చదివించింది. నేను బళ్లో కూడబలుక్కుని చదవడం నేర్చిన నాటి నుంచి మా అవ్వకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం సంగటి తిని, పెరటి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుని, "మేయ్ పాపా, నిన్నటి పేపరు తే" అనేది. నేను వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదువుతుంటే కళ్లు మూసుకుని వినేది. మధ్యలో ఆపేది.

"ఇది రాసిండేదా, మీ నాయన కలిపిండేదా?"

"రాసిండేదే అవ్వా."

"మరి ఆ గవర్నరు తడబడినాడంటనే, అది యాడుండాది?"

నేను పైకీ కిందికీ వెతికి లేదని చెబితే, "వాడికి సిన్నప్పటినించీ అంతే. సంతకి పోయొచ్చినా కత తెచ్చేవోడు" అని నవ్వుకునేది. కొడుకు మీద కోపం ఉండేది కాదు. అయితే పేపర్లో ఉన్నదీ, నాయన కలిపినదీ ఆమె మనసులో వేరువేరు మూటలు కట్టి ఉండేవి. ఇప్పుడు ఇరవైనాలుగు గంటలూ వార్తలు చూసేవాళ్లను చూస్తే, ఒక్క సాయంత్రం మా అవ్వ పక్కన కూర్చోబెట్టాలని నా ప్రాణం లాగుతుంది.

యుద్ధం ముగిశాక ఎన్నికలు వచ్చాయి. అప్పట్లో అందరికీ ఓటు ఉండేది కాదు. పన్ను కట్టే భూమో, కాస్త చదువో ఉండాలి. నాయనకు చదువు వల్ల వచ్చింది. అమ్మకు రెండూ లేవు, ఓటూ లేదు. పల్లెలోని మడి పట్టా అవ్వ పేర ఉండడంతో ఆమెకు ఓటు వచ్చింది. మా వీధి ఆడవాళ్లలో ఓటు ఉన్నవాళ్లను వేళ్ల మీద చెప్పొచ్చు. ఈనాటి లాగా గుర్తులు, మీటలు లేవు. చాటుగా ఒక గదిలో రంగురంగుల పెట్టెలు పెట్టేవాళ్లు. ఇచ్చిన కాగితాన్ని మనకు కావలసిన రంగు పెట్టెలో వేసి రావడమే. ఖద్దరు వాళ్లది పసుపు పెట్టె. వాళ్లకు ఎదురు నిలిచిన ఆయనది ఎర్ర పెట్టె. ఇప్పటి జెండాల రంగులతో దీన్ని కలిపి నా మీదికి రాకండి, అప్పటికి పసుపు జెండా పుట్టనే లేదు, ఈ ఎర్ర పెట్టె ఎర్ర జెండా వాళ్లదీ కాదు.

పసుపు రంగు దక్కడంతో ఖద్దరు వాళ్లు పండగ చేసుకున్నారు. పసుపంటే శుభం, పసుపంటే లక్ష్మి, ఆడవాళ్ల ఓట్లన్నీ మనవే అని నాయన తిన్నె మీద చిటికెలు వేశాడు. ప్లీడరుగారి భార్య సుశీలమ్మ ఆధ్వర్యంలో ఆడవాళ్లు గుంపుగా బయలుదేరి, పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి, పసుపు కొమ్ము చేతిలో పెట్టి, "పసుపు పెట్టెను మరిచిపోవద్దు" అని చెప్పేవాళ్లు. ఎంత చక్కటి ఆలోచన! అందరూ మెచ్చుకున్నారు. మా ఇంటికీ వచ్చారు. అమ్మను చాప మీద కూర్చోబెట్టి నుదుట కుంకుమ పెట్టారు, చేతిలో పసుపు కొమ్ము పెట్టారు, పాట కూడా పాడారు. అమ్మ సిగ్గుపడుతూ, "నాకు ఓటు లేదు గదమ్మా" అంది. సుశీలమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, "పోనీలే, ఇంట్లో వాళ్లకు చెప్పు" అంది. ఓటున్న మనిషి అక్కడే, వంటింటి గడప అవతల, స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఆ గుంపులో ఒక్కరూ అటు చూడలేదు. చూడలేదంటే పొగరుతో కాదు, పాపం వాళ్లకు ఎలా అడగాలో తెలియలేదు. ముత్తైదువలను పిలవడానికి కట్టిన పిలుపు అది. భర్త పోయిన మనిషికి పసుపు ఎలా ఇస్తారు? ఇవ్వకుండా ఎలా అడుగుతారు? మరోసారి వచ్చారు, అప్పుడూ అంతే. అమ్మ దగ్గర పసుపు కొమ్ములు పోగుపడ్డాయి.

మా అవ్వ పసుపు ముట్టేది కాదు. ముఖానికీ కాళ్లకూ రాసుకోకపోవడం సరే, పప్పులో వేయాల్సిన చిటికెడు కూడా తాను వేసేది కాదు. కుండ ఉడుకు పట్టగానే "ఇదో, వొచ్చి పసుపెయ్యే" అని అమ్మను పిలిచేది. అమ్మ పెరట్లో ఉంటే వచ్చేదాకా తెడ్డు పట్టుకుని నిలబడేది. ఎవరైనా మంచి పనికి బయలుదేరుతుంటే తానే లోపలికి తప్పుకునేది. తప్పుకోమని ఇంట్లో ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అప్పట్లో అది పొద్దు పొడవడమంత మామూలుగా ఉండేది.

సుశీలమ్మ గుంపు వెళ్లిన సాయంత్రం తిన్నె మీద ఎవరో నాయనను అడిగారు, "మీ అమ్మగారి ఓటు సంగతేందప్పా?" అని. "అడగాల్నా? మాయమ్మ ఓటు మనదే" అన్నాడు నాయన, వక్కాకు నములుతూ. తలుపు చాటున అవ్వ చేతిలో చెనిక్కాయ అలాగే ఆగిపోయింది. "వీడి జేబులో ఉండాదా నా ఓటు?" అంది మెల్లిగా. అమ్మ భయంగా నవ్వింది. అవ్వ నవ్వలేదు.

ఆ మర్నాడో మూడో నాడో ఎర్ర పెట్టె ఆయన వచ్చాడు. మామిడితోటలు, మోటారు కారు ఉన్న ఆసామి. నాయన కోర్టులో ఉన్నాడు. ఆయన చెప్పులు వీధిలోనే విప్పి, లోపలికి వచ్చి, "పెద్దమ్మ యాడ?" అని అడిగాడు. అవ్వ మామూలుగా లోపలికి తప్పుకోబోతుంటే, "నీ కోసరమే వొచ్చినానమ్మా" అని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ జోడించి, "నీ ఓటు నాకెయ్యమ్మా" అన్నాడు. అంతే. అవ్వ కూడా అక్కడే కూర్చుంది. తర్వాత వడ్ల సంగతి అడిగింది. ఆ రోజుల్లో కంట్రోలు అధికారులు కళ్లం దగ్గరికే వచ్చి, తిండికి కాస్త వదిలి, మిగతా వడ్లన్నీ వాళ్లు చెప్పిన ధరకు కొలుచుకుని పోయేవాళ్లు. మళ్లీ మాకు రేషన్లో దక్కేది పురుగులు పట్టిన బియ్యం. ఆయన, "నేను గెలిస్తే అదంతా ఒక్క నెలలో ఎత్తేపిస్తా సూడు" అన్నాడు. ఆయన వెళ్లాక అవ్వ నాతో, "ఒక్క నెలలోనంట! ఈయన మీ నాయన కంటే ఎక్కువ కలపతాడే" అంది. అంటూనే, ఆయన కూర్చున్న చోటును చాలాసేపు చూసింది. "అయినా అడిగినాడు మేయ్. ఇంతవరకు నన్నెవురూ ఏమీ అడగలా" అంది. ఆమె గొంతు అలా మెత్తబడడం నేను ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఎర్ర పెట్టె ఆయన మా ఇంట్లో నేల మీద కూర్చున్న సంగతి ఊరంతా పాకింది. కోర్టు ఆవరణలో నాయనను ఆటపట్టించారట, "ఊరందరికీ పేపరు సదివేవోడివి, ఇంట్లో ఓటు జారిపోయినాదంటనే" అని. నాయన ముఖం మాడ్చుకుని వచ్చాడు. రెండు రోజులు పేపరు కూడా సరిగ్గా కలపకుండా చదివాడు. అవ్వను అడగడానికి మాత్రం నోరు రాలేదు. కొడుకు తల్లిని అడగడమేమిటి, తల్లి మాట వేరేగా ఉండడమేమిటి అని ఆయన అభిమానం. అడగకుండా వేయడమేమిటని ఆమె అభిమానం. ఒకే వసారాలో ఒకరి పక్కన ఒకరు భోంచేస్తూ, ఉప్పూ పులుసూ తప్ప మాట్లాడుకోలేదు. మధ్యలో అమ్మ నలిగిపోయింది.

ఇప్పుడు మా వీధిలో అడగనివాళ్లు లేరు. తల్లీ అంటారు, అక్కా అంటారు, కాళ్లు మొక్కుతారు, ఫొటో తీయించుకుంటారు. ఒంటరి ఆడవాళ్లకు ఇది, ముసలివాళ్లకు అది అని పథకాలు చదువుతారు. అవి వద్దని నేననను. మా అవ్వ కాలంలో అలాంటి ఆసరా ఒక్కటున్నా ఆమె నడుము అంత త్వరగా వంగేది కాదు. ఓటు అందరికీ రావడం అంతకన్నా గొప్ప సంగతి, మా అమ్మ కూడా తర్వాత వేసింది. అయితే మొన్న నేను ఒక కుర్రాణ్ణి ఆపి, మా వీధి మురుగుకాలువ మాటేమిటని అడిగితే, వాడు నా చేతిలో కాగితం పెట్టి "అన్నీ ఇందులో ఉన్నాయవ్వా" అని పక్కింటికి పరిగెత్తాడు. అడగడం వేరు, అడిగి, ఎదుటి మనిషి నోరు తెరిచేదాకా కూర్చోవడం వేరు. ఆ కూర్చోవడం అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే. అప్పుడంతా బంగారమని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఓట్ల రోజు పొద్దున్నే జట్కా బండ్లకు మామిడాకులు కట్టి ఆడవాళ్లను తీసుకెళ్లడానికి వచ్చారు. మా ఇంటి ముందు ఆగలేదు. ముందుగా ముత్తైదువలు వేస్తే శుభమని, అవ్వ లాంటివాళ్లకు మధ్యాహ్నం బండి పంపుతామని సుశీలమ్మ కబురు పెట్టింది. అవ్వ పెరట్లోకి వెళ్లి చింతపండు ముందేసుకుని గింజలు కొట్టడం మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చాక నాయన చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అమ్మా, బండి వొచ్చినాది. పోదామా?"

"ఏ పెట్టెలో ఎయ్యాలో నాకెవురూ సెప్పలేదే."

"రోజూ తిన్నె మీద సదవతానే ఉండాను గదమ్మా."

"ఊరికి సదివినావు. నాకు సెప్పలా."

నాయన ఖద్దరు పంచె మట్టి కొట్టుకుపోతుందని కూడా చూడకుండా చింతగింజల మధ్య ఆమె ఎదురుగా కూలబడ్డాడు. "తప్పయిపోయినాదమ్మా. అడగతా ఉండా. నీ ఓటు మా పెట్టెలో ఎయ్యి."

"మరి మీవోళ్లు గెలిస్తే, మన వడ్లు తోలుకపోయేది నిలిచిపోతాదా?"

నాయన నోరు తెరిచాడు. ఎప్పటిలాగా నాలుగు మాటలు కలిపి చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. "తెలీదమ్మా. నిలపతామంటా ఉండారు. నిలపతారో లేదో నాకు తెలీదు."

"అట్ల సెప్పు" అంది అవ్వ. గింజలు కొట్టే రాయి పక్కన పెట్టింది. "ఇంకోటి అడగతా. అది పసుపు పెట్టె గదరా. నేను ముట్టుకోవచ్చునా?"

"అది ఉత్త రంగేమ్మా."

"ఉత్త రంగయితే మీ ఆడోళ్లు నాకెందుకియ్యలేదు?"

నాయన తల వంచుకున్నాడు. అవ్వ చేతులు కడుక్కుని, కొంగు నిండుగా కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని బండెక్కింది.

ఓట్లు వేసేది ఒక బడిలో. వరండాలో పెద్ద రచ్చ జరుగుతోంది. పొద్దున వచ్చిన ముత్తైదువలు చేసిన ఘనకార్యం అది. గదిలో పసుపు పెట్టెను చూడగానే వాళ్లకు పెట్టెలాగా కనబడలేదు, అమ్మవారిలాగా కనబడింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు తడిపి దానికి పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు పెట్టి, దండం పెట్టి మరీ కాగితం వేశారు. ఒకావిడ ప్రదక్షిణం చేయబోతే తెర ఊడి మీద పడిందట. "ఇది ఓటా, పూజా? చేతులు చూస్తే ఎవరికేసిందీ తెలిసిపోతా ఉండాదే!" అని ఎర్ర పెట్టె ఏజెంటు అరుస్తున్నాడు. ఆఫీసరు గుడ్డ పెట్టి తుడిపించీ తుడిపించీ విసిగిపోయి ఊరుకున్నాడు. అవ్వ ఇదంతా విన్నది. అడుగు ఆగింది. లోపల ఉన్నది ఉత్త రంగు కాదు, నిజమైన పసుపు. నాయన దూరంగా గేటు దగ్గరే నిలబడిపోయాడు, దగ్గరికి రాలేదు. అవ్వ నా చెయ్యి వదిలి, కాగితం తీసుకుని, తెర వెనక్కి వెళ్లింది.

చాలాసేపు రాలేదు. ఆఫీసరు రెండుసార్లు తొంగి చూడబోయి మానుకున్నాడు. ఎర్ర పెట్టె ఏజెంటు మీసం దువ్వుకుంటున్నాడు. సుశీలమ్మ గుంపు గుసగుసలాడుతోంది. ఏ పెట్టె గెలిస్తే నాకేం, మా అవ్వ ఆ గదిలో ఒంటరిగా ఉందన్నదే నా బాధ. చివరికి వచ్చింది. కుడిచేయి పిడికిలి బిగించి, కొంగు చాటున పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నడిచి బండెక్కింది.

ఇంటి ముందు అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. నాయన సైకిలు మీద మాకన్నా ముందే వచ్చి, తిన్నె మీద కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాడు. అవ్వ చెంబు కోసం చెయ్యి చాపింది. అరచెయ్యి నిండా పసుపు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు దాకా. కాగితం వేయడానికి అంత అంటదు. ఆమె చెయ్యి పెట్టి తడిమి వచ్చింది. అమ్మ నీళ్లు వంపబోయి ఆగిపోయింది. వీధిలో జనం చూస్తున్నారు.

"కడుక్కో అత్తా, ఎవురన్నా ఏమన్నా అంటారు" అంది అమ్మ, గొంతు తగ్గించి.

"అననీ. ఎన్నేండ్లయినాదో. ఉండనీలే కొంచేపు" అంది అవ్వ. అని, ఆ చేతిని కొంగు కింద దాచుకోకుండా, వీధిలోకి కనబడేలాగా తిన్నె మీద కూర్చుంది. నాయన రోజూ కూర్చునే చోట.

నాయన ముందుకు వచ్చాడు. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఆమె కాళ్ల దగ్గర నిలబడి, "అమ్మా, మళ్లొచ్చే ఎన్నికలకి ముందుగానే వొచ్చి అడగతాను" అన్నాడు.

అవ్వ తన అరచేతిని ఒకసారి చూసుకుని, కొడుకు వైపు తిరిగింది.

"అడుగు. ఏస్తానని మాత్రం ఇప్పుడే సెప్పను."